వర్జీనియా దొర బందరులో కన్నుమూశాడు

మాఘమాసం. రాత్రి పదకొండు దాటింది. చిన్న తిరుపతి కొండమీది దీపాలు దూరంగా మినుకుమంటున్నాయి. ద్వారకా తిరుమల నుంచి గోపాలపురం వెళ్లే దారికి కాస్త ఎడంగా, ఎర్రనేల మధ్య మా మావయ్య బ్యారన్. ఇటుక గోడలు, పైన రేకులు, లోపల అంతస్తులు అంతస్తులుగా కర్రలకు వేలాడే పొగాకు. బయట పొయ్యిలో సరుగుడు కట్టె మండుతుంటే ఆ వేడి రేకు గొట్టాల్లోంచి గదంతా తిరుగుతుంది. పొగ మాత్రం ఆకును తాకకూడదు. వేడి ఎక్కువైతే ఆకు మాడిపోతుంది, తక్కువైతే రంగు రాదు. అందుకే మావయ్య మాటిమాటికీ లేచి, గోడలో అరచేయంత అద్దంలోంచి టార్చిలైటు వేసి థర్మామీటరు చూస్తాడు. నేనూ తొంగిచూశాను. మొన్న ఆకుపచ్చగా లోపలికెక్కిన ఆకు పండు నిమ్మకాయ రంగుకు తిరిగింది. బెల్లం పాకమూ ఎండుగడ్డీ కలిసినట్టు తియ్యటి వాసన. ఆకు రెలిచే చేతులకు నల్లటి జిగురు పడుతుంది, సబ్బుకు వదలదు. మావయ్య గోళ్ల అంచుల్లో అది నలభై ఏళ్లుగా ఉంది.

"ఒరే అబ్బాయ్, చదువుకున్నవాడివి గదా. వర్జీనియా వర్జీనియా అంటాం. అది మనిషి పేరా, ఊరి పేరా?"

"రాష్ట్రం పేరు మావయ్యా, అమెరికాలో. అసలైతే ఒక రాణి బిరుదు. ఎలిజబెత్ రాణి పెళ్లి చేసుకోలేదని ఆవిణ్ని కన్యారాణి అనేవాళ్లు. సముద్రం అవతల ఇంకా కాలూనని నేలకు ఇంగ్లీషువాళ్లు ఆవిడ పేరు పెట్టేసుకున్నారు."

"అప్పటికి అక్కడ మనుషుల్లేరా? వాళ్లేమని పిలుచుకునేవాళ్లు?"

"ఉన్నారు. వాళ్ల కథే అది. ఆ నేలను కత్తి పట్టి ఏలిన దొర ఆఖరికి మన బందరులో పోయాడు."

మావయ్య చేతిలో కట్టె పొయ్యి దాకా వెళ్లి ఆగింది. "మన బందరా?"

"మన బందరే."

"చెప్పయితే. ఎలాగూ తెల్లవార్లూ మేలుకోవాలి."

* * *

ఆ దొర పేరు సర్ థామస్ డేల్. నెదర్లాండ్స్ యుద్ధాల్లో కాకలు తీరిన సైనికుడు. 1611లో, పెళ్లయి నెలలైనా నిండని భార్యను ఇంగ్లండులో వదిలి, మూడు ఓడలు, సుమారు మూడొందల మందితో బయల్దేరి మే నెలలో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌కు చేరాడు. ఆ వలసకు అప్పటికి నాలుగేళ్లు. 1607లో దిగినవాళ్లకు సేద్యం చేతకాలేదు. చుట్టుపక్కల ఆదివాసులు ఇచ్చిన మొక్కజొన్న, ఇవ్వకపోతే లాక్కున్న మొక్కజొన్న, అదే వాళ్ల బతుకు. 1609-10 చలికాలంలో అదీ దొరకలేదు. కోటలో ఉన్న వందల మందిలో వసంతానికి ప్రాణాలతో మిగిలింది అరవై మంది.

అదే 1611 వానాకాలంలో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు ఓడ మన తీరానికొచ్చింది. పులికాట్‌లో డచ్చివాళ్లు అడ్డుపడితే పైకొచ్చి, నిజాంపట్నం తాకి, మచిలీపట్నంలో, అంటే మన బందరులో, లంగరు వేసింది. ఇంగ్లీషువాళ్ల బందరు వర్తకం అక్కడ మొదలు. ఈ ఓడకీ ఆ ఓడలకీ డబ్బు లండన్‌లో ఒకే గూటి నుంచి వచ్చింది. సర్ థామస్ స్మైత్ అనే వర్తకుడు ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీకి గవర్నరు. వర్జీనియా కంపెనీకి ట్రెజరరూ ఆయనే. అంటే రెండింటికీ పెద్ద ఒక్కడే. బళ్లో మనకు అమెరికా ఒక పాఠంగా, ఈస్టిండియా కంపెనీ మరో పాఠంగా, నడుమ ఎన్నో పేజీల దూరంలో చెప్పారు. ఆ దూరం నన్ను చాలాకాలం మోసం చేసింది.

డేల్ దిగేసరికి జేమ్స్‌టౌన్ జనం చేలు వదిలేసి వీధుల్లో బంతులు దొర్లించుకుంటున్నారు. ఆయన వాళ్లను సైనిక చట్టం కిందికి తెచ్చాడు. తిండి దొంగతనానికి మరణశిక్ష. రెండు మూడు పైంట్ల ఓట్సు పిండి దొంగిలించినవాడి నాలుకలో సూది దించి, గొలుసులతో చెట్టుకు కట్టి, ఆకలితో చావడానికి వదిలేశారని తర్వాత ఆ వలసవాళ్లే రాసిచ్చారు. పారిపోయి ఆదివాసుల్లో కలిసినవాళ్లను పట్టి తెచ్చి కొందరిని ఉరితీశారు, కొందరిని తగలబెట్టారు, కొందరిని చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టారు. తమవాళ్లను వదిలి అడవిలోకి ఎందుకు పారిపోయేవాళ్లంటే, అక్కడ అన్నం ఉంది.

"సొంతవాళ్లనే అంత చేసినవాడు పరాయివాళ్లని ఏం చేసుంటాడు?" అన్నాడు మావయ్య.

* * *

ఆ నదుల నడుమ ముప్పై దాకా తెగలను ఒక్క తాటిమీదికి తెచ్చిన పెద్దాయన వహున్సెనకా. ఇంగ్లీషువాళ్లు ఆయన్ని పౌహాటన్ అన్నారు. ఆయన కూతుళ్లలో ఒకమ్మాయికి పెట్టిన పేరు అమొన్యూట్, ఇంటివాళ్ల మధ్య మతోఅకా. అల్లరిపిల్ల అన్న అర్థంలో ముద్దుగా పోకహాంటస్ అనేవాళ్లు. లోకానికి ఆ ముద్దుపేరే మిగిలింది.

1613 ఏప్రిల్. ఆ పిల్లకు పదిహేడేళ్లు ఉండొచ్చు. అప్పటికే కొకూమ్ అనే అతన్ని పెళ్లాడిందని విలియం స్ట్రేచీ అనే ఇంగ్లీషాయన రాసి ఉంచాడు. పొటోమాక్ నది ఒడ్డున పటవోమెక్ తెగవాళ్ల దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చింది. అదే నదిలో 'ట్రెజరర్' అనే ఓడ ఆగి ఉంది. కెప్టెన్ శామ్యూల్ ఆర్గాల్‌కు ఈ సంగతి తెలిసింది. తెగపెద్ద తమ్ముడు ఇయోపాసస్‌ను పిలిచి బేరం పెట్టాడు. ఆ పిల్లను ఓడెక్కిస్తే స్నేహం, ఎక్కించకపోతే పగ. స్నేహానికి గుర్తుగా ఒక రాగి బిందె.

ఆ తర్వాత జరిగింది రాల్ఫ్ హేమర్ అనే వలస ఉద్యోగి ఒక్కో అడుగూ రాసి పెట్టాడు. ఇయోపాసస్ భార్య ఓడ చూడాలని మారాం చేసింది. అంతా నేర్పిన మారాం. భర్త కసిరినట్టు నటించాడు. ఆమె ఏడ్చింది. తోడుగా మతోఅకా వస్తేనే సరేనన్నాడు. ఏడుస్తున్న ఆడమనిషిని చూసి ఆ పిల్ల మనసు కరిగింది. ముగ్గురూ ఓడెక్కారు. కెప్టెన్ విందు పెట్టాడు. బల్ల కింద ఇయోపాసస్ మాటిమాటికీ ఆర్గాల్ కాలు తొక్కుతున్నాడు, పని అయిందని గుర్తుచేస్తూ. రాత్రి ఆ పిల్లను ఫిరంగివాడి గదిలో పడుకోబెట్టారు. తెల్లారి ఇంటికి పోదామంటే ఆర్గాల్ చెప్పాడు, మీరిద్దరూ వెళ్లొచ్చు, ఈమె ఉండాలి అని. తండ్రి తన దగ్గరున్న ఇంగ్లీషు బందీలను, తుపాకులను, మొక్కజొన్నను పంపితేనే విడుదల. ఆలుమగలు ఆమెతోపాటు శోకాలు పెట్టారు. పడవ దిగి రాగి బిందెతో ఒడ్డుకెళ్లిపోయారు.

నేనీ ఘట్టం ఎన్నిసార్లు చదివానో. ప్రతిసారీ నా కళ్లు ఆ బిందె మీదే ఆగుతాయి. మన ఇళ్లలో కూతురికి సారె పెట్టేటప్పుడు ఇచ్చే బిందె లాంటిదే కదా అది.

మావయ్య మాట్లాడలేదు. ఆయనకు ఇద్దరు కూతుళ్లు.

తండ్రి ఏడుగురు బందీలను పంపాడు. వాళ్లతో పనికిరాని కొన్ని తుపాకులు, కొంత మొక్కజొన్న. చాలదన్నారు. నెలలు గడిచాయి. పిల్లను డేల్ అధీనంలో ఉంచారు. అలెగ్జాండర్ విటేకర్ అనే పాదిరి బైబిలు నేర్పి రెబెకా అని బాప్తిస్మం ఇచ్చాడు. 1614 మార్చిలో డేల్ నూటయాభై మందిని ఓడలకెక్కించుకుని, ఆమెను వెంటబెట్టుకుని, తండ్రి ఊళ్లున్న నది మీదుగా ఎగువకు వెళ్లాడు. ఒడ్డునుంచి బాణాలొచ్చాయి. డేల్ మనుషులు దిగి నలభై దాకా ఇళ్లు తగలబెట్టారు, అయిదారుగురిని చంపారు. ఆమె ఓడమీదే ఉంది. ఒడ్డుకు దిగినప్పుడు తనవాళ్లతో పెద్దగా మాట్లాడలేదట. పాత కత్తులకూ గొడ్డళ్లకూ ఉన్న విలువ మా నాన్నకు నా మీద లేకపోయింది అన్న అర్థం వచ్చేలా అందని డేల్ తన ఉత్తరంలో గర్వంగా రాసుకున్నాడు. ఏడాది చెరలో ఉన్న పిల్ల నోటి మాటకు, ఆమెను చెరపట్టినవాడే సాక్షి. అది మరిచిపోయి చదవకూడదు.

ఆ ప్రయాణంలోనే జాన్ రాల్ఫ్ అనే వలసదారుడి ఉత్తరం డేల్ చేతికందింది. ఈ అమ్మాయిని పెళ్లి చేసుకోనివ్వమని. డేల్ ఒప్పుకున్నాడు. 1614 ఏప్రిల్‌లో పెళ్లయింది, కొన్నేళ్లు యుద్ధం ఆగింది.

డేల్ అక్కడితో ఊరుకోలేదు. ఆ మే నెలలోనే హేమర్‌ను రాగిపలకలూ, పూసలూ, దువ్వెనలూ, చేపల గాలాలూ ఇచ్చి పౌహాటన్ దగ్గరికి మళ్లీ పంపాడు. ఈసారి చిన్న కూతురు కావాలట. పదకొండు పన్నెండేళ్ల పిల్ల. డేల్‌కే భార్యగా. ఇంగ్లండులో పెళ్లాం ఉన్నవాడు! ముసలాయన ఓపిగ్గా విన్నాడు. ఆ పిల్లను వేరే పెద్దకు మాటిచ్చేశాననీ, ఒక బిడ్డ మీ దగ్గరుంది చాలుననీ, తాను ముసలివాణ్నయ్యాననీ, ఇంకా కష్టపెడితే మీకు అందనంత దూరం వెళ్లిపోతాననీ చెప్పి పంపేశాడు. ఆయన దగ్గర ఇంకేం ఆయుధం మిగల్లేదు. ఆ ఒక్క 'ఇవ్వను' మిగిలింది.

* * *

ఇప్పుడు పొగాకు మాట. అక్కడి ఆదివాసులు పండించే రకం ఘాటుగా, చేదుగా ఉండేది. లండన్‌లో జనం స్పెయిన్‌వాళ్లు వెస్టిండీస్‌లో పండించే తియ్యటి ఆకుకు అలవాటుపడ్డారు. రాల్ఫ్ ఆ రకం విత్తనం ట్రినిడాడ్ వైపు నుంచి సంపాదించి 1612 ప్రాంతంలో జేమ్స్‌టౌన్ దగ్గర వేశాడు. పొగాకు విత్తనం ఎంతుంటుందో మా మావయ్యను అడగాలి. గ్రాముకు పదివేలకు పైనే. చిటికెడు చాలు, ఒక వలస నిలబడటానికి.

1617లో వర్జీనియా నుంచి ఇంగ్లండుకు ఇరవై వేల పౌన్ల ఆకు వెళ్లింది. ఆ ఏడాది గవర్నరుగా వచ్చిన మనిషి జేమ్స్‌టౌన్ సంతబయల్లోనూ, వీధుల్లోనూ పొగాకే నాటి ఉండటం చూశాడు. ఆ గవర్నరు రాగి బిందె ఆర్గాలే. జనం తిండిగింజలు మానేసి ఆకు వెంట పడతారని డేల్ ముందే పసిగట్టాడు. రెండెకరాల మొక్కజొన్న వేసినవాడే పొగాకు వేయాలని కట్టడి చేశాడు.

"అది మాత్రం తెలివైన మాటే" అన్నాడు మావయ్య. "మన పొగాకు బోర్డువాళ్లూ బ్యారన్‌కి ఇంత అని లెక్క కడతారు. లెక్క దాటితే ధర పడిపోద్ది. అయినా వేస్తారు. ఆకు అలాంటిది."

ఆకు నేలను పీల్చేస్తుంది. మూడు నాలుగు పంటలకు చేను నీరసిస్తుంది. కొత్త చేను కావాలి. కొత్త చేనంటే ఆదివాసుల చేను. నదుల పొడవునా వాళ్లు చదును చేసుకున్న మొక్కజొన్న మళ్లే ముందు పోయాయి. డేల్ కత్తి అయిదేళ్లే ఆడింది. ఆ చిటికెడు విత్తనం ఇక ఆగలేదు.

1616లో డేల్ ఇంగ్లండుకు తిరిగెళ్లాడు. వెంట రాల్ఫ్, రెబెకాగా మారిన మతోఅకా, వాళ్ల పసివాడు థామస్, పది పన్నెండు మంది ఆమె మనుషులు. కంపెనీకి చందాలు కావాలి. మచ్చికైన రాకుమారి అని చూపించడానికి తీసుకెళ్లారు. ఎక్కిన ఓడ 'ట్రెజరర్'. మూడేళ్ల కిందట ఆమెను ఎత్తుకెళ్లిన ఓడ! ఆమె వెంట వెళ్లిన ఉత్తమతోమకిన్ అనే పెద్దమనిషిని, ఇంగ్లండులో ఎంతమంది జనం ఉన్నారో లెక్క తెమ్మని పౌహాటన్ పంపాడు. ఆయన ప్లిమత్‌లో దిగి, మనిషికొక గాటు చొప్పున కర్రమీద పెడుతూ వచ్చి, కాసేపటికి ఆ కర్ర విసిరేశాడు.

ఆమె మళ్లీ ఇంటి మొహం చూడలేదు. 1617 మార్చిలో తిరుగు ఓడెక్కి, థేమ్స్ నది దాటకముందే జబ్బుచేసి గ్రేవ్‌సెండ్‌లో పోయింది. ఇరవై ఒక్క ఏళ్లుంటాయేమో. మరుసటేడు ఏప్రిల్‌లో తండ్రీ పోయాడు.

* * *

ముసలాయన పోయిన నాటికి డేల్ సముద్రం మీద ఉన్నాడు. ఈసారి తూర్పుకు. స్మైత్ దొరకు ఇక్కడా అలాంటి గట్టి చెయ్యే కావాలి. 1618లో ఈస్టిండియా కంపెనీ ఆరు ఓడల దండును డేల్‌కు అప్పగించి జావాకు పంపింది. ఏ డచ్చివాళ్ల కొలువులో కత్తి నేర్చాడో ఆ డచ్చివాళ్లతోనే మిరియాల కోసం పోరు. దండులోని 'సన్' అనే ఓడ ఎంగానో దీవి దగ్గర బద్దలైంది. ఆ చలికాలంలో జకార్తా ఎదుట డచ్చి సేనాని కూన్‌ను తరిమాడు గాని కోటను పట్టలేకపోయాడు. మనుషులు జబ్బులతో రాలిపోతుంటే మిగిలిన ఓడలతో మన తీరానికి మళ్లాడు.

1619 జులై. ఏలూరు నుంచి కొల్లేరు దాటి, కైకలూరు మీదుగా బందరు వెళ్లేవాళ్లకు ఆ రోజులు ఎలా ఉంటాయో తెలుసు. మబ్బు, ఉక్క, ఒండ్రు, ఉప్పుగాలి. బందరు తీరం లోతులేనిది. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే మనుషులు చిన్న పడవల్లో దిగాలి. జబ్బుపడ్డ డేల్‌ను కూడా అలాగే దింపి ఉంటారు. ఊళ్లో ఇంగ్లీషు కొఠీకి అప్పుడు విలియం మెథ్వల్డ్ పెద్ద. గోడ లేని ఊరు, ఇరుకు ఇళ్లు, లోపల బావులన్నీ ఉప్పునీళ్లు, పెద్ద ఆటుపోటు వస్తే చుట్టూ సముద్రం అని ఆయన బందరును వర్ణించాడు. అలాంటి కొఠీ గదిలో, తాటాకు చప్పుళ్ల మధ్య, వర్జీనియా మాజీ గవర్నరు పడుకుని ఉన్నాడు.

అక్కడ నలభై ఇళ్లు తగలబెట్టినవాడు ఇక్కడ ఒక్క పాక కూడా ముట్టుకోలేడు. ఇది గోల్కొండ రాజ్యం. గద్దెమీద సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా. సుంకం కట్టి, ఊరి అధికారికి నజరానా ఇచ్చి, అద్దకం బట్టలకు వెండి పోసి ఒదిగి ఉంటేనే కొఠీ నిలుస్తుంది. ఆ వెండైనా వాళ్లది కాదు. మెక్సికో, పొటోసీ గనుల్లో అమెరికా ఆదివాసులు చచ్చి తవ్విన వెండి, స్పెయిన్ రియాళ్లుగా మారి సముద్రాలు దాటి మన నేతగాళ్ల దాకా వచ్చేది. తర్వాతి కాలంలో ఈ తీరపు బట్టే ఆఫ్రికాకు వెళ్లి, అక్కడ మనుషుల్ని కొనే మారకమైంది. ఆ మనుషుల్ని మళ్లీ అమెరికా తోటలకే తోలారు. మన మగ్గం మీది పోగు కూడా ఆ తాడులో ఉంది. చెప్పుకోవడానికి బాధగానే ఉంటుంది, అయినా చెప్పుకోవాలి.

1619 ఆగస్టు 9న థామస్ డేల్ మచిలీపట్నంలో చనిపోయాడు.

ఆ ఆగస్టు చివర్లోనే వర్జీనియా తీరంలో 'వైట్ లయన్' అనే ఓడ ఇరవై మందికి పైగా ఆఫ్రికన్ బందీలను దింపి, తిండి సరుకులకు మార్చుకుంది. దానికి జంటగా సముద్రంలో దోపిడీ చేసి, కొద్ది రోజులకు అక్కడికి చేరిన రెండో ఓడ 'ట్రెజరర్'. మతోఅకాను ఎత్తుకెళ్లినదే. పొగాకు చేలకు చేతులు కావలసి వచ్చాయి మరి.

బందరు మనుషులకు ఇవేవీ తెలియవు. ఆ ఆకు మాత్రం అప్పటికే వాళ్ల చేతిలో ఉంది. పోర్చుగీసువాళ్లు తెచ్చిన విత్తనం ఈ తీరంలో అప్పటికే ఎగుమతి పంటైంది. మెథ్వల్డ్ రాతల్లోనూ దాని మాట ఉంది. మనవాళ్లు దాని అసలు పేరు అడగలేదు, పొగ ఇచ్చే ఆకు గనక పొగాకు అన్నారు. కంపెనీ ఒదిగి ఉన్న కాలమూ అయిపోయింది. 1759లో బందరు కోట, 1765లో ఉత్తర సర్కార్లతో పాటు ఏలూరు వాళ్ల చేతికి వెళ్లాయి. డేల్ కాలపు ఆకు తర్వాతి రకం, రాణిగారి బిరుదుతోనే, 1920 ప్రాంతంలో గుంటూరు నేలల్లో దిగింది. అక్కణ్నుంచి మన మెట్ట తేలిక నేలలకు ఎక్కింది. ఇవాళ గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం, దేవరపల్లి వేలం కేంద్రాల్లో బేళ్లుగా కూర్చుంటోంది.

* * *

మూడు గంటలైంది. కొండమీద సుప్రభాతానికి ఇంకా టైముంది. మావయ్య బూడిద లాగి, రెండు కట్టెలు తోశాడు.

"ఆ పిల్ల తాలూకు వాళ్లు ఇప్పుడున్నారా?"

"ఉన్నారు. 1622లో తిరగబడ్డారు, ఒక్కరోజే మూడొందల నలభై ఏడు మంది ఇంగ్లీషువాళ్లు చచ్చిపోయారు. తర్వాత వీళ్లని దశాబ్దాల పాటు వేటాడారు. అయినా పమంకీ, మటపొనై అనే వాళ్లు అదే నదుల ఒడ్డున ఉన్నారు. పమంకీలు ఒక తెగగా ఉన్నారని అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది 2015లో."

"2015లోనా?" ఆయన వేళ్లమీద లెక్కపెట్టబోయి మానేశాడు. కాసేపు నిప్పులోకి చూశాడు.

"నేనడిగింది చెప్పలేదు నువ్వు. ఆ నేలని వాళ్లేమనుకునేవాళ్లు?"

"త్సెనకోమాకా."

"చెన... ఏంటీ?"

"త్సెనకోమాకా."

"చేనకోమాకా" అన్నాడు మావయ్య నెమ్మదిగా. ఇంకోసారి అనుకున్నాడు. "మొదట్లో చేను అన్నట్టే వినబడుతోంది."

టార్చిలైటు తీసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, థర్మామీటరు చూడటానికి గోడ దగ్గరికి వెళ్లాడు.